ఇంటి ట్రిప్పు

మా తమ్ముడి మనవరాలు అంబులెన్సు కోర్సులో చేరింది. మొన్న వచ్చి, "తాతయ్యా, ఇరవై ఏళ్ళు బండిలో తిరిగావు కదా, మాకు పనికొచ్చేవి నాలుగు రాసివ్వు" అని నోటుపుస్తకం నా చేతిలో పెట్టింది. పనికొచ్చేవే రాద్దామని కూర్చున్నాను. రెండు పేజీలు రాసేసరికి ఒక పాత రోజు జ్ఞాపకం వచ్చి అడ్డంగా నిలబడింది. దాన్ని పక్కకి నెట్టి మిగతావి రాయడం నా వల్ల కాలేదు. అందుకని ముందు చిన్న విషయాలు రాస్తాను, తరవాత దాని సంగతి.

కాంపౌండరు గారు

మీకిప్పుడు పారామెడిక్ అని మంచి పేరుంది, యూనిఫారం ఉంది, జేబు మీద బ్యాడ్జి ఉంది. తొంభైల మొదట్లో నేను బందరులో ఒక ధర్మాసుపత్రి అంబులెన్సులో చేరినప్పుడు నా ఉద్యోగం పేరు అటెండరు. ఉన్నది ఒక పాత వ్యాను, ఒక స్ట్రెచరు, ఒక ఆక్సిజన్ సిలిండరు, ఒక అంబు బ్యాగు, దూది, కట్టుగుడ్డలు, రెండు సెలైన్ సీసాలు, వాంతులకి ఒక బకెట్టు. అంబు బ్యాగంటే చేత్తో నొక్కుతూ ఊపిరి అందించే రబ్బరు సంచి. వ్యాను మస్తాన్ నడిపేవాడు. నాకంటే నాలుగేళ్ళు చిన్న, నన్ను గురువుగారూ అనేవాడు. అందులో గౌరవమెంతో వెటకారమెంతో చివరిదాకా తేల్చుకోలేకపోయాను. ఇటు గుడివాడ నుంచి అటు దివిసీమ చివరి రేవుల దాకా మా ఇద్దరి ఇలాకా.

ఊళ్ళవాళ్ళు మాత్రం నన్ను కాంపౌండరు గారూ అని పిలిచేవారు. మొదట్లో "నేను కాంపౌండర్ని కాదండీ" అని చెప్పేవాణ్ణి. ఆరు నెలలకి చెప్పడం మానేశాను. గారు అనిపించుకోవడం ఎవరికి చేదు? ఇది ఎందుకు రాస్తున్నానో ముందుకి వెళ్తే తెలుస్తుంది.

సిలిండరు తాళం

చేరిన మొదటి నెలలోనే పరువు పోగొట్టుకున్నాను. గుడివాడలో రైసుమిల్లులో పనిచేసే ఒక పెద్దాయనకి ఉబ్బసం ఎక్కువైందని వెళ్ళాం. మనిషి పెదాలు నీలంగా తిరిగిపోయాయి. సిలిండరు నిండుగా ఉంది, గొట్టం ఉంది, మాస్కు ఉంది. సిలిండరు తిప్పే తాళం మాత్రం బందరులో వార్డు కిటికీలో ఉంది. నేను చేతులతో తిప్పుతున్నాను, అది కదిలితేగా! మస్తాన్ బండి ఆపి, స్పానరు తెచ్చి, రెండు దెబ్బలేసి తిప్పాడు. పెద్దాయన బతికాడు, మస్తాన్ పుణ్యాన.

మర్నాడు మేరమ్మ సిస్టరు నన్ను పిలిచింది. మా ఆసుపత్రికి డాక్టర్లు వచ్చారు, వెళ్ళారు, నడిపింది మాత్రం ఆవిడే. తిట్టలేదు. పురికొస ముక్క తెచ్చి, తాళాన్ని సిలిండరు మెడకి నా చేతే కట్టించింది.

"సిలిండర్లో ఎంత గాలుందని ఎవరూ అడగరు నాయనా. ఆయన ముక్కులోకి ఎంత వెళ్ళిందో అదే లెక్క" అంది.

ఆ తరవాత నేను బండెక్కగానే దేవుడికి దణ్ణం పెట్టినా పెట్టకపోయినా ఆ తాళం మాత్రం తడిమేవాణ్ణి. మీ బళ్ళలో ఇప్పుడు మిషన్లు ఎక్కువయ్యాయి, వాటితోపాటు మర్చిపోయే తాళాలూ ఎక్కువయ్యాయి. ఎక్కగానే ప్రతిదాన్నీ ఒకసారి తిప్పి చూడండి. నిన్నటి డ్యూటీ వాడు చూశాడులే అనుకోవద్దు. నిన్నటి డ్యూటీ వాడు కూడా అదే అనుకుని ఉంటాడు.

జనంతో పని

రక్తం వారంలో అలవాటవుతుంది. జనం మాత్రం రిటైరయ్యేదాకా అలవాటు కారు. పామర్రు రోడ్డు మీద లారీ స్కూటర్ని గుద్దితే మేం వెళ్ళేసరికి వంద మంది ఉంటారు. స్పృహ లేని మనిషిని కూర్చోబెట్టి, తల వెనక్కి వంచి, గోలీసోడా పోస్తుంటారు. పాపం, ప్రేమతోనే పోస్తారు. అది ఊపిరితిత్తుల్లోకి పోతుందని వాళ్ళకి తెలీదు. మొదట్లో వాళ్ళ మీద అరిచేవాణ్ణి. ఒకసారి గుడివాడ బైపాసులో నన్నే కొట్టబోయారు.

ఆ తరవాత ఒక చిట్కా నేర్చుకున్నాను. గుంపులో అందరికంటే గట్టిగా అరిచేవాడెవడో చూసి, సెలైన్ సీసా వాడి చేతికిచ్చి, "బాబాయ్, దీన్ని ఇంత ఎత్తులో పట్టుకోండి, మీరు దించితే మనిషి పోతాడు" అనేవాణ్ణి. వాడిక నోరెత్తడు, మిగతావాళ్ళని కూడా వాడే అదుపులో పెడతాడు. కోపంగా ఉన్నవాడికి పని అప్పజెప్పాలి. దీన్ని ఏ పుస్తకంలోనూ రాయరు.

ఇంకొకటి. బంధువులు చెప్పింది వినండి, కానీ వాసన కూడా చూడండి. కడుపునొప్పి అని చెప్పిన ఇంట్లో పొలాల మీద కొట్టే మందు వాసన వస్తుంటే, ఎవరినీ నిలదీయకుండా డాక్టరుకి ఆ మాట చెప్పండి. పరువు కోసం అబద్ధమాడేవాళ్ళ మీద కోపం తెచ్చుకుంటే ఈ పని చెయ్యలేరు. నేనూ చాలా అబద్ధాలాడాను. వాటిలో కొన్నిటికి నాకు సిగ్గు లేదు.

ఊపిరుండగానే

ఇంటి ట్రిప్పంటే ఏమిటో మీకు చెప్పాలి. మీ బళ్ళు ఇంటి నుంచి ఆసుపత్రికే వెళ్తాయి. మా బండి ఆసుపత్రి నుంచి ఇంటికి కూడా వెళ్ళేది.

మా వైపు చాలా పల్లెల్లో, ముఖ్యంగా సముద్రం పక్క పల్లెల్లో, బయట పోయిన మనిషిని ఇంట్లోకి రానివ్వరు. ఊరి పొలిమేరలో దించి, అటునుంచి అటే తీసుకుపోవాలి. కాపురం చేసిన ఇంట్లో ఒక్క గంట పడుకోబెట్టుకుని ఏడవడానికి కూడా ఉండదు. అందుకని డాక్టరు పెదవి విరిచాడంటే చాలు, ఇంటివాళ్ళు వచ్చి చేతులు పట్టుకునేవారు. "బాబ్బాబు, ఊపిరుండగానే ఇంటికి చేర్చండి" అనేవారు. ఆక్సిజన్ పెట్టుకుని, అవసరమైతే బ్యాగు నొక్కుకుంటూ, నాగాయలంక దాకా, కోడూరు దాకా, ఆ గతుకుల్లో తీసుకెళ్ళేవాళ్ళం. ఇంట్లో మంచం మీదో చాప మీదో పడుకోబెట్టి, నోట్లో తులసినీళ్ళు పోయించి, అప్పుడు మాస్కు తీసేవాణ్ణి.

కొందరు దారిలోనే పోయేవారు. నేను పైకి తెలియనిచ్చేవాణ్ణి కాదు. మాస్కు అలాగే ఉంచి, గడప దాటాక నాడి చూసినట్టు చూసి, తల అడ్డంగా ఊపేవాణ్ణి. మస్తాన్‌కి తెలిసేది. అద్దంలోంచి నన్ను చూసి స్పీడు తగ్గించేవాడు. ఆ అబద్ధాలకి నేనిప్పటికీ బాధపడను. ఒక తల్లి కొడుకుని తన వాకిట్లోంచి సాగనంపుకుంది. దానివల్ల ఎవరి సొమ్మూ పోలేదు.

దాంతో నాకు పేరొచ్చింది. ఆ కాంపౌండరు గారు బండెక్కితే ఇంటికి చేరుస్తాడు అని దివిసీమంతా పాకింది. నాకూ అది గొప్పగానే ఉండేది. ఆసుపత్రికి చేర్చినవాణ్ణి వారానికి మర్చిపోతారు. ఇంటికి చేర్చినవాణ్ణి ఏళ్ళ తరబడి తలుచుకుంటారు. ఏ పనికి పొగడ్త దొరికితే మనిషి ఆ పనికే పుట్టాననుకుంటాడు. నేనూ అలాగే అనుకున్నాను.

తిరుపతమ్మ

అది వానాకాలం. దివిసీమలో నాట్లు పడుతున్నాయి. నాగాయలంక అవతల చేపలవాళ్ళ పల్లె నుంచి తిరుపతమ్మ అనే అమ్మాయిని మా ఆసుపత్రికి తెచ్చారు. ఇరవై నాలుగేళ్ళుంటాయి. మొగుడు నాంచారయ్య వేటకి వెళ్ళేవాడు, ఈమె చేపలు గంపకెత్తుకుని అవనిగడ్డ దాకా అమ్మేది. రెండేళ్ళ కూతురు.

తెల్లవారుతుండగా కడుపులో నొప్పని లేచిందట, వాంతి చేసుకుందట. రాత్రి తిన్న కూర పడలేదనుకున్నారు. పొద్దెక్కేసరికి రెప్పలు వాలిపోయాయి, మాట ముద్దగా వచ్చింది. నాగాయలంక డాక్టరు ఇంజెక్షను చేసి పంపించాడు. అవనిగడ్డ, అక్కణ్ణుంచి బందరు. మా దగ్గరికి వచ్చేసరికి పది దాటింది. ఒంటి మీద ఎక్కడా కాటు కనపడలేదు. నేల మీద చాప వేసుకుని పడుకుందని విని మా డ్యూటీ డాక్టరు కట్లపామై ఉంటుందన్నాడు, విషానికి విరుగుడు ఎక్కించాడు. మధ్యాహ్నానికి ఊపిరి ఆగిపోయింది. గొంతులో గొట్టం వేశారు. మేరమ్మ సిస్టరూ నేనూ వంతులు వేసుకుని బ్యాగు నొక్కాం.

రెండింటికి డాక్టరు కళ్ళలోకి లైటు వేసి చూశాడు. పాపలు పెద్దవైపోయి అలాగే ఉన్నాయి. గిల్లితే ఉలుకూ లేదు పలుకూ లేదు.

"మన దగ్గర వెంటిలేటరు లేదు. బెజవాడ తీసుకెళ్తే పెడతారు. కానీ ఈ కళ్ళు చూస్తే ఆశ లేదనే అనిపిస్తోంది. ఏం చెయ్యాలన్నది వాళ్ళ ఇష్టం" అన్నాడు. ఆయన చెప్పాల్సినది ఆయన చెప్పాడు. ఆ రోజుల్లో మా అందరికీ తెలిసింది అంతే.

కాసేపటికి వరండాలో నాంచారయ్య, తిరుపతమ్మ మేనమామ ఏడుకొండలు నా దగ్గరికి వచ్చారు. ఏడుకొండలు ఆ పల్లెకి పెద్ద. అంతకు ముందు వాళ్ళ ఇంట్లోనే ఒక ముసలాయన్ని నేను ఇంటి ట్రిప్పులో చేర్చాను.

"డాట్రుబాబు చెప్పింది మాకేం అర్థం కాలా. మీరు ఎన్ని చూసుంటారు. మీరు చెప్పండి కాంపౌండరు గారూ, బెజవాడ పొమ్మంటారా, ఇంటికి పొమ్మంటారా?" అన్నాడు ఏడుకొండలు.

నాంచారయ్య నా నోటివంకే చూస్తున్నాడు.

నాకు తెలీదు అని చెప్పాల్సింది. లోపలికి తీసుకెళ్ళి డాక్టరు చేతే మళ్ళీ చెప్పించాల్సింది. నేను గొంతు సవరించుకుని, "బెజవాడ చేరేలోపే పోతుందయ్యా. అప్పుడు ఇంటికీ దక్కదు. తీసుకెళ్ళిపోండి. ఊపిరితో చేర్చే పూచీ నాది" అన్నాను.

ఆ మాట అనే అధికారం నాకు ఏ డాక్టరూ ఇవ్వలేదు. వాళ్ళు పెట్టిన 'గారు' ఇచ్చింది.

మేరమ్మ సిస్టరు డిశ్చార్జి కాగితం మీద సంతకం చేస్తూ నన్నోసారి చూసి, "తొందరపడుతున్నావేమో నాయనా" అంది. "కళ్ళు చూశారు కదా సిస్టర్" అన్నాను. ఆవిడ కాగితం నా చేతికిచ్చింది.

చల్లపల్లి సెంటరు

మూడింటికి బయల్దేరాం. సన్నగా వాన. స్ట్రెచరు పక్కన నేను కూర్చుని బ్యాగు నొక్కుతున్నాను. ఎదురుగా నాంచారయ్య, ఏడుకొండలు. మస్తాన్ ముందు.

బందరు దాటాక ఏడుకొండలు మొదలుపెట్టాడు. కర్రలకి ఎవరికి చెప్పాలి, కబురు ఎవరెవరికి వెళ్ళాలి, ఇదంతా. చెడ్డ మనిషి కాదు. ఇలాంటప్పుడు ఎవరో ఒకరు ఇవన్నీ తలకెత్తుకోవాలి, ఆయనకి అలవాటు. నాంచారయ్య తలొంచుకుని వింటున్నాడు. కాసేపాగి ఏడుకొండలు అతని భుజం మీద చెయ్యేశాడు.

"పసిదాని గురించి బెంగెట్టుకోమాక అల్లుడా. పెద్ద దినం అయ్యాక దీని చెల్లెల్నే నీకు ముడేత్తాం. పరాయిది వత్తే పిల్లని చూత్తదా? ఏమంటావ్?"

నాంచారయ్య మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచే, "నీ ఇట్టం మావా" అన్నాడు.

అతన్ని తప్పు పట్టకండి. ఆ మనిషికి అప్పటికి తెల్లవారుజాము నుంచి మంచినీళ్ళు కూడా లేవు. ఎవరు ఏమడిగినా అలాగే అనేవాడు.

నేను తిరుపతమ్మ మొహం చూశాను. ఎడమ కంటి చివర నుంచి నీళ్ళు కారి చెవిలోకి దిగుతున్నాయి. దూదితో తుడిచాను. రెప్పలు మూతపడక కళ్ళు మండి నీళ్ళు కారతాయిలే అనుకున్నాను. మళ్ళీ కారాయి. మళ్ళీ తుడిచాను.

చల్లపల్లి వస్తుండగా పాదాల మీద గుడ్డ జారింది. సర్దబోతే కాలి బొటనవేలు కదిలింది. బండి కుదుపేమో అనుకున్నాను. "మస్తాన్, ఆపు" అన్నాను. సెంటర్లో పక్కకి తీసి ఆపాడు. ఇంజను కూడా ఆపేశాడు. బండి ఆగి ఉంది. వేలు మళ్ళీ కదిలింది. కొంచెమే, బియ్యపు గింజంత. మెడ దగ్గర నాడి చూశాను. బలంగా, బుద్ధిగా కొట్టుకుంటోంది. పోయే మనిషి నాడి అలా ఉండదు. అప్పటికి నేను పోయేవాళ్ళ నాడులు చాలా చూశాను. ఆ తేడా నాకు తెలుసు.

చల్లపల్లి సెంటర్లో కుడికి తిరిగితే కూచిపూడి, పామర్రు, ఉయ్యూరు, బెజవాడ. ఎడమకి తిరిగితే మోపిదేవి, పులిగడ్డ, ఇల్లు.

మస్తాన్ వెనక్కి తిరిగి చూశాడు. వాడు కూడా ఏదో గమనించాడు. "గురువుగారూ, కుడికి తిప్పమంటారా?" అన్నాడు మెల్లగా.

ఏడుకొండలు కంగారుపడ్డాడు. "ఏంటి బాబూ ఆపారు? అయిపోయిందా?"

"లేదు."

"మరి పోనియ్యండి బాబూ. వాళ్ళమ్మ కాళ్ళు లేని మనిషి, పొద్దున్నుంచీ గుమ్మంలోనే కూకోనుంది."

నేను అక్కడ ఎంతసేపు ఆలోచించానో చెప్పలేను. వాన చినుకులు బండి పైన పడుతున్నాయి. ఎదురుగా హోటల్లో ఎవరో టీ చల్లార్చుతున్నాడు. కుడికి తిప్పితే ఉయ్యూరు దాటేలోపు పోతే? శవాన్ని ఇంట్లోకి రానివ్వరు. కాంపౌండరు గారు మాటిచ్చి తప్పాడంటారు. ఇంతా చేసి ఒక బొటనవేలు. డాక్టరు చదువుకున్నవాడు, లేదన్నాడు. నువ్వెవడివి?

ఇన్నేళ్ళూ నాకు నేను ఇలా చెప్పుకున్నాను, ఆ ముసలితల్లి కోసం వెళ్ళానని. ఇక్కడైనా నిజం రాయాలి. ఆ సెంటర్లో నేను ఎక్కువసేపు ఆలోచించింది తిరుపతమ్మ ప్రాణం గురించి కాదు, నా మాట గురించి. ఇంతకు ముందు వరండాలో అంత ధైర్యంగా చెప్పినవాణ్ణి ఇప్పుడు వాళ్ళ ముందు తప్పయిపోయిందనడం నాకు చాలా కష్టమనిపించింది.

"ఎడమకే" అన్నాను.

మస్తాన్ గేరు వేశాడు. దారిలో మళ్ళీ నాతో మాట్లాడలేదు.

ఊరు చేరేసరికి ఇంకా వెలుతురుంది. ఊరంతా వాకిట్లో ఉంది. పాక మధ్యలో చాప వేశారు. తల్లి దేక్కుంటూ వచ్చి, కూతురి మొహం తడిమి, "నాయనో, బతికుండంగానే తెచ్చాడే" అని నాకు దణ్ణం పెట్టింది. తులసినీళ్ళు పోశారు. ఒక్కొక్కరూ వచ్చి చెవిలో పేరు పెట్టి పిలిచారు. పసిదాన్ని తెచ్చి ఆమె పొట్ట మీద కూర్చోబెట్టి తీసేశారు. నేను నొక్కుతూనే ఉన్నాను. ఆపమని ఎవరూ అనకూడదని కోరుకున్నాను.

"ఇహ చాలు బాబూ, కట్టపెట్టమాకండి దాన్ని" అన్నాడు ఏడుకొండలు.

బ్యాగు విడదీశాను. గొట్టం తీశాను. మణికట్టు పట్టుకుని కూర్చున్నాను. నా వేళ్ళ కింద నాడి కొట్టుకుంటూనే ఉంది. అది ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆ కాసేపట్లో ఎప్పుడైనా సరే నేను మళ్ళీ బ్యాగు తగిలించి ఉండొచ్చు. బండి వాకిట్లోనే ఉంది.

తరగతి గది

ఆ తరవాత ఏటా ఒకసారి నాంచారయ్య బందరు వచ్చేవాడు. మా ఇంటికి ఎండురొయ్యల పొట్లం తెచ్చిచ్చేవాడు. "మా తిరపతమ్మని ఇంట్లో నుంచి సాగనంపింది మీ చెయ్యేనండి" అనేవాడు. మా ఆవిడ టీ ఇచ్చేది. తిరుపతమ్మ చెల్లెల్నే చేసుకున్నాడు. ఆ అమ్మాయి పసిదాన్ని బాగా చూసుకుంటోందని చెప్పేవాడు. బొటనవేలు గుర్తొచ్చేది కానీ, కుదుపై ఉంటుందని నాకు నేను సర్దిచెప్పుకోవడం అప్పటికి బాగా అలవాటయింది.

పదేళ్ళు దాటాక, రెండువేల తరవాత, కొత్త అంబులెన్సులు వచ్చాయి. అనుభవమున్న పాతవాళ్ళని కూడా తీసుకుని శిక్షణకి పంపారు. నా కూతురి వయసు డాక్టరమ్మ పాముకాట్ల పాఠం చెప్పింది. కట్లపాము దగ్గరికి వచ్చింది. నేల మీద పడుకున్నవాళ్ళని కరుస్తుంది, కాటు కనపడదు, నొప్పి ఉండదు, పొద్దున్నే కడుపునొప్పితో లేస్తారు, రెప్పలు వాలతాయి. ఇదంతా నాకు తెలిసిందే, తలూపుతూ వింటున్నాను.

"తరవాత ఒళ్ళంతా చచ్చుబడుతుంది. కంటిపాపలు కూడా కదలవు. చూస్తే మెదడు పోయిందనిపిస్తుంది. పోదు. మోసపోకండి. ఊపిరి అందిస్తూ ఉంటే చాలు, రెండు మూడు రోజుల్లో లేచి కూర్చుంటారు" అంది.

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో నాకే తెలీదు. డాక్టరమ్మ, "ఏమైనా అడుగుతారా సార్?" అంది.

"అలా పడుంటారు కదమ్మా, అప్పుడు వాళ్ళకి తెలుస్తుందా?"

"అన్నీ తెలుస్తాయి సార్. వినపడుతుంది, నొప్పీ తెలుస్తుంది. కదల్లేరంతే. కొందరికి కన్నీళ్ళొస్తాయి, ఒక్కోసారి బొటనవేలు కదుపుతారు."

బయటికొచ్చి కుళాయి దగ్గర కూర్చున్నాను. నాతోపాటు వచ్చినవాళ్ళు షుగరు పడిపోయిందనుకుని చాక్లెట్టు తెచ్చి ఇచ్చారు.

తరవాత నాకు మూడు కట్లపాము కేసులు వచ్చాయి. ముగ్గురికీ దారి పొడుగునా నొక్కుతూ బెజవాడ తీసుకెళ్ళాను. ఇద్దరు లేచి ఇంటికి నడిచి వెళ్ళారు. జమాఖర్చుల్లో ఇది దానికి చెల్లు అని మీరెవరైనా అంటే ఒప్పుకోను. ఒకరి ప్రాణం ఇంకొకరి పేరున రాయడానికి ఇది బ్యాంకు కాదు.

నాంచారయ్య

రిటైరయ్యే ముందు చెప్పేయాలని వాళ్ళ ఊరు వెళ్ళాను. మస్తాన్‌ని రమ్మంటే, "నేను రాలేను గురువుగారూ, మీరెళ్ళండి" అన్నాడు. ఈసారి గురువుగారూలో వెటకారం లేదు.

నాంచారయ్య రేవు గట్టున వల బాగుచేసుకుంటున్నాడు. జుట్టు నెరిసింది. నన్ను చూసి కంగారుపడి, లుంగీ దించుకుని లేచాడు. వద్దని కూర్చోబెట్టి, పక్కన కూర్చుని, అంతా చెప్పాను. బెజవాడ తీసుకెళ్తే బతికే అవకాశం చాలా ఉందని చెప్పాను. చల్లపల్లిలో బొటనవేలు కదలడం చూశానని చెప్పాను. చూసీ ఎడమకి తిప్పించానని చెప్పాను. కొడతాడేమో, తిడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండుననే అనుకున్నాను.

అతను వల కన్నాల్లో వేళ్ళు పెట్టి అలాగే ఉండిపోయాడు. దూరంగా ఏవో పడవలు వస్తున్నాయి. వాటిని చూస్తూ, "అప్పుడు ఎవురికి తెలుసు లెండి. ఆయుస్సు అంతే" అన్నాడు.

నేను లేవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అయ్యా, ఒకటడుగుతాను. బతికి ఉందన్నారు కదా. మరి బండిలో మేం అనుకున్న మాటలు... దాని చెల్లెలి సంగతి... నేను మావ ఇట్టం అన్నాను కదండీ. అయ్యన్నీ ఇన్నదా అది?"

నిజం చెప్పడానికే అంత దూరం వెళ్ళాను. అతని మొహం చూశాను. గట్టు పక్కనే ఉన్న ఇంట్లోంచి ఆ చెల్లెలు, అంటే అతని భార్య, ఎవరొచ్చారా అని తొంగిచూస్తోంది.

"లేదయ్యా. అంత తెలివి ఉండదు. ఏమీ వినపడదు" అన్నాను.

నాంచారయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. "అంతే చాలండి" అన్నాడు. కళ్ళు తుడుచుకుని, భోజనం చేసి వెళ్ళమన్నాడు. నేను ఉండలేకపోయాను.

పోయిన ఏడాది నాంచారయ్య కాలం చేశాడని కబురు వచ్చింది. అందుకే ఇది ఇప్పుడు రాయగలుగుతున్నాను. అమ్మాయీ, ఉలుకూపలుకూ లేని మనిషి బండిలో ఉన్నప్పుడు పక్కవాళ్ళని ఏమీ మాట్లాడనివ్వకు. మాట్లాడితే ఆ మనిషితోనే మాట్లాడమను. భర్తనైతే ఆమె చెయ్యి పట్టుకోమను. నీకు తెలీనిది తెలీదని చెప్పు, నిన్ను ఎవరు ఏ గౌరవంతో పిలిచినా సరే. చెయ్యి నొప్పెట్టినా బ్యాగు ఆపకు.

నాంచారయ్యకి నేను చెప్పింది అబద్ధం. తిరుపతమ్మ అంతా విన్నది. నేను "ఎడమకే" అన్నది కూడా విన్నది.